వాగ్గేయకారుని వెనుక వాద్యబృందం: తెలుగు సినిమా సంగీతంలో మార్గ, దేశి, విదేశి

2023 మార్చిలో ‘ఆర్.ఆర్.ఆర్.’ చిత్రంలోని ‘నాటు నాటు’ పాటకు ఆస్కార్ పురస్కారం లభించినప్పుడు దానిని తెలుగు నుడికి, తెలుగు పల్లె లయకు దక్కిన గౌరవంగా భావించాము. చంద్రబోస్ సాహిత్యంలోని పల్లె పోలికల గురించి, ‘నాటు’ అనే మాటకున్న అర్థచ్ఛాయల గురించి చర్చ జరిగింది. ఆ పాటలో మోగిన వాద్యాలేవి, వాటిని ఒక కూర్పుగా మలచిన పని ఎవరిది, ఆ కూర్పులో ఏది ఇక్కడిది, ఏది బయటినుంచి వచ్చింది అన్న ప్రశ్నలు మాత్రం సాహిత్య విమర్శ పరిధిలోకి అంతగా రాలేదు. ఇది ఆ ఒక్క పాటకు పరిమితమైన లోపం కాదు. తెలుగు సినిమా పాట మీద మనం రాసిన పుస్తకాలలో కవి ఉంటాడు, సంగీత దర్శకుడు ఉంటాడు, గాయనీగాయకులు ఉంటారు. పాట నిడివిలో దాదాపు మూడోవంతు సేపు ఒంటరిగా వినిపించి, మిగిలిన సమయమంతా గొంతుకు ఆనుకుని నడిచే వాద్యబృందం ఉండదు.

ఈ లేమి మన సంగీత చరిత్ర రచనకు ఆధారమైన ‘వాగ్గేయకారుడు’ అనే భావన నుంచి వచ్చిందని, దాని వల్లనే తెలుగు సినిమా సంగీతంలో ‘మనది, పరాయిది’ అనే వివాదం ఎప్పుడూ మాటలోనూ రాగంలోనూ తేలిపోయి, వాద్యసమ్మేళనం దాకా రాలేదని చూపడం ఈ వ్యాసం ఉద్దేశం. ఇందుకు ప్రధానంగా రెండు చిత్రాలను తీసుకుంటున్నాను. 1980లో విడుదలైన ‘శంకరాభరణం’ శాస్త్రీయ సంగీతాన్ని జాతికి ప్రతీకగా నిలిపింది. 2022లో వచ్చిన ‘ఆర్.ఆర్.ఆర్.’ జానపద లయను ఆ స్థానంలో కూర్చోబెట్టింది. ఈ రెంటి నడుమ తెలుగు సినిమా మద్రాసు విడిచి జూబ్లీహిల్స్, ఫిలింనగర్ కొండల మీదికి చేరింది. ఆ వలసలో వాద్యబృందానికి ఏమైంది అన్నది ఈ చర్చకు కేంద్రం.

కుతపం నుంచి వాగ్గేయకారుని దాకా

వాద్యబృందం మనకు కొత్త కాదు. నాట్యశాస్త్రం వాద్యాలను తత, సుషిర, అవనద్ధ, ఘనములని నాలుగు తెగలుగా విభజించి, రంగస్థలం మీద వాటి సమూహానికి ‘కుతపం’ అని పేరు పెట్టింది. ఎవరు ఎక్కడ కూర్చోవాలో కూడా చెప్పింది. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో వీణల పేర్లను ఏకరువు పెట్టినప్పుడు, జాయపసేనాని పదమూడో శతాబ్దిలో నృత్తరత్నావళి రచించినప్పుడు, వారి ముందు సామూహిక వాదనపు సంప్రదాయం సజీవంగా ఉంది. అయితే ఆ సమూహానికి సంగీతాన్ని కూర్చేవాడనే ప్రత్యేక వ్యక్తి ఆ గ్రంథాలలో ప్రముఖుడు కాడు. మాటనూ ధాతువునూ ఒక్కడే నిర్మించే వాగ్గేయకారుడే అక్కడ ఉత్తముడు.

తెలుగులో ఆధునిక సంగీత చరిత్ర రచన ఈ భావన మీదనే నిలిచింది. బాలాంత్రపు రజనీకాంతరావు ‘ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము’ ఆ తోవలో వచ్చిన మహాగ్రంథం. దానికి 1961లో సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. ఒక సంగీత చరిత్రకు సాహిత్య పురస్కారం రావడంలోనే మన దృష్టి తెలుస్తుంది. సంగీతాన్ని మనం పదం చేయి పట్టుకునే నడిచి చూశాము. రజనీకాంతరావు స్వయంగా ఆకాశవాణిలో వాద్యబృందాలతో పనిచేసిన స్వరకర్త కాబట్టి ఆయనకు ఈ పరిమితి తెలియదని అనలేము. ఆ పరిమితి వ్యక్తిది కాదు, ఆయన ఎంచుకున్న ప్రక్రియది. సినిమా పాటల చరిత్రకారులు ఆ ప్రక్రియను మారిన పరిస్థితికి యథాతథంగా వర్తింపజేశారు. సినిమాలో వాగ్గేయకారుడనే ఒక్కడు కవి, సంగీత దర్శకుడు, వాద్య సంయోజకుడు అని ముగ్గురుగా చీలిపోయాడు. మొదటి ఇద్దరినీ మనం వారసులుగా గుర్తించాము. పరిశ్రమలో ‘అరేంజర్’ అని పిలిచే మూడోవాడు లెక్కలోకి రాలేదు.

మార్గ, దేశి అన్న జంట గురించి కూడా ఇక్కడ ఒక మాట చెప్పాలి. మతంగుని బృహద్దేశిలో గోపాలకుల నుంచి రాజుల దాకా తమ తమ ప్రాంతాలలో ఇష్టంగా పాడుకునేది దేశి. నన్నెచోడుడు కవిత్వంలో దేశిని ప్రస్తావించినప్పుడు కూడా అది మార్గానికి ప్రతిగా నిలిచిన స్థానికత. ఈ జంటలో ‘విదేశి’ అనే మూడో స్థానం లేదు. బయటినుంచి వచ్చినది కొంతకాలానికి దేశిలో కలిసిపోవడమే రివాజు. జాతీయోద్యమ కాలంలో మూడో స్థానం ఏర్పడింది. అప్పటినుంచి మార్గం గాని, దేశి గాని విదేశికి ఎదురు నిలబడవలసి వచ్చింది. ‘శంకరాభరణం’లో నిలబడింది మార్గం, ‘ఆర్.ఆర్.ఆర్.’లో నిలబడింది దేశి.

మదనపల్లె, ఢిల్లీ

జాతీయతకూ వాద్యబృందానికీ ఉన్న లంకెను తెలుసుకోవడానికి తెలుగు నేల మీదనే ఒక సాక్ష్యం ఉంది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ టాగూరు మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో విడిది చేసినప్పుడు ‘జనగణమన’ను పాడి వినిపించాడు. దానికి ఆంగ్లానువాదం కూడా అక్కడే చేశాడు. కళాశాల అధ్యక్షుడు జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ కజిన్స్ పాశ్చాత్య సంగీతంలో నిష్ణాతురాలు. ఆమె ఆ బాణీని పాశ్చాత్య స్వరలిపిలో నమోదు చేసింది. ఒక బెంగాలీ కవి గొంతు నుంచి ఒక ఐరిష్ మహిళ కలం ద్వారా ఆ పాట రాయలసీమలో కాగితం మీదికి వచ్చింది.

ఈ సంఘటనను మనం తరచుగా స్థానికాభిమానంతో చెప్పుకుంటాము గాని దాని పర్యవసానం గురించి ఆలోచించము. 1948 ఆగస్టులో రాజ్యాంగ సభలో నెహ్రూ చేసిన ప్రకటనను చూస్తే జాతీయ గీతం ఎంపికలో వాద్యబృందం ఎంత కీలకమో అర్థమవుతుంది. 1947లో న్యూయార్కులో ఐక్యరాజ్యసమితి సందర్భంగా మన ప్రతినిధులను జాతీయ గీతం అడిగారు. వారి దగ్గర ఉన్న ‘జనగణమన’ రికార్డును అక్కడి వాద్యబృందం అభ్యసించి వాయించింది. అది ఎంతో మెప్పు పొందిందని, జాతీయ గీతానికి మాట కన్నా బాణీ, అది వాద్యబృందాలకు అనువుగా ఉండడం ముఖ్యమని నెహ్రూ వాదించాడు. సాహిత్య విద్యార్థులకు ఇది కొంచెం చేదుగా ఉండవచ్చు. జాతి గొంతును ఎన్నుకునే వేళ మాట వెనుకబడి, బ్యాండుకూ ఆర్కెస్ట్రాకూ ఒదిగే గుణం ముందుకు వచ్చింది.

ఇదే కాలంలో ఆకాశవాణి విధానం ఎదురు దిశలో నడిచింది. 1940 మార్చి నుంచి రేడియోలో హార్మోనియాన్ని నిషేధించారు. మెట్లు స్థిరంగా ఉండే ఆ వాద్యంలో గమకం పలకదన్నది కారణం. విచిత్రమేమంటే దానికి వ్యతిరేకంగా గట్టిగా రాసినవారిలో ఒకడు ఢిల్లీ రేడియోలో పాశ్చాత్య సంగీత విభాగాన్ని నడిపిన ఆంగ్ల స్వరకర్త జాన్ ఫౌల్డ్స్. భారతీయ సంగీతపు స్వచ్ఛతను కాపాడే పని అతడు నెత్తికెత్తుకున్నాడు. ఆ నిషేధం 1971లో గాని సడలలేదు. తెలుగు పద్యనాటకం మాత్రం ఈ నిషేధాన్ని పట్టించుకోలేదు. ఐరోపా నుంచి వచ్చిన ఆ పెట్టె లేకుండా మనకు పాండవోద్యోగ విజయాల పద్యం పైకి లేవదు. రంగస్థల నటుడెవరూ దానిని పరాయిదని అనుకోలేదు. దేశి అనే మాటకు పాత అర్థం ఇంకా పనిచేస్తున్న చోటు అది.

1952లో సమాచార ప్రసార శాఖ మంత్రి అయిన బి.వి. కేస్కర్ సినిమా పాటల్లో పాశ్చాత్య వాద్యాల హోరు ఎక్కువైందని భావించాడు. రేడియోలో వాటి సమయం కుంచించుకుపోయింది, శ్రోతలు రేడియో సిలోన్ వైపు మళ్లారు. 1957 అక్టోబరులో వివిధ భారతి ప్రారంభంతో సినిమా పాట తిరిగి వచ్చింది. కేస్కర్ కాలంలోనే, 1952లో, రవిశంకర్ సారథ్యంలో ఆకాశవాణి జాతీయ వాద్యబృందం ‘వాద్యవృంద’ ఏర్పడడం గమనార్హం. పాశ్చాత్య ఆర్కెస్ట్రాను కాదన్న ప్రభుత్వమే భారతీయ ఆర్కెస్ట్రాను నిర్మించబూనింది. వేదిక మీద బారులు తీరి కూర్చుని, నిర్వాహకుని చేతి కదలికను చూస్తూ వాయించే ఆ ఏర్పాటు మాత్రం ఎక్కడినుంచి వచ్చిందో వేరే చెప్పనక్కరలేదు.

రెండు చిత్రాలు, ఒకే స్వరకర్త

ఈ వివాదం ఢిల్లీలో సాగుతుండగా మద్రాసులో సాలూరి రాజేశ్వరరావు దానికి సంబంధం లేనట్టుగా పనిచేసుకుపోయాడు. 1948లో జెమిని వారి తమిళ చిత్రం ‘చంద్రలేఖ’కు ఆయన సంగీతం కూర్చాడు. కర్ణాటక, హిందుస్తానీ బాణీలతోపాటు లాటిన్ అమెరికా లయలు, స్ట్రాస్ వాల్ట్జ్ పోకడలు అందులో వినిపిస్తాయి. 1951లో వాహినీ వారి ‘మల్లీశ్వరి’కి ఆయనే సంగీత దర్శకుడు. బి.ఎన్. రెడ్డి దర్శకత్వంలో, దేవులపల్లి కృష్ణశాస్త్రి సాహిత్యంతో వచ్చిన ఆ చిత్రాన్ని తెలుగుదనానికి నిలువెత్తు రూపంగా నేటికీ చెప్పుకుంటాము. రెంటికీ మధ్య ఉన్నది మూడేళ్లు. నగరం ఒకటే, స్వరకర్త ఒకడే, స్టూడియో వాద్యబృందాల తీరు కూడా ఇంచుమించు ఒకటే.

‘మల్లీశ్వరి’ కథ శ్రీకృష్ణదేవరాయల నాటిది. ఆ కాలంలో ఫిడేలు ఈ దేశంలో లేదు. అది పద్దెనిమిదో శతాబ్ది చివరి దశలో మద్రాసులోని ఐరోపా వాద్యకారుల వద్ద బాలుస్వామి దీక్షితులు అభ్యసించడంతో కర్ణాటక సంగీతంలో స్థిరపడింది. ఇరవయ్యో శతాబ్దికి వచ్చేసరికి ద్వారం వెంకటస్వామినాయుడు విజయనగరంలో దానిని ఏకాకి వాద్యంగా కచేరీ స్థాయికి తెచ్చి, ‘ఫిడేలు నాయుడు’ అని ఇంటి పేరు మరిచేటంతగా దానితో ఒకటైపోయాడు. విజయనగరానికీ సినిమాకూ దగ్గర సంబంధం ఉంది. ఘంటసాల చదివినది అక్కడి సంగీత కళాశాలలోనే, రాజేశ్వరరావు పుట్టినది సాలూరు ప్రాంతంలోనే. కనుక హంపీ విజయనగరాన్ని ఫిడేళ్ల గుంపు ద్వారా వింటున్నప్పుడు తెలుగు శ్రోతకు ఏదీ తేడాగా తోచలేదు. అక్కడ తెలుగుదనమని మనం గుర్తుపట్టేది కృష్ణశాస్త్రి మాటలను, రాగాన్ని, భానుమతి, ఘంటసాలల ఉచ్చారణను. వాటిని మోసుకువచ్చే తంత్రీవాద్యాల వరుసను వినికిడిలోనే ఉంచి గుర్తింపులోంచి తప్పిస్తాము. ‘చంద్రలేఖ’లో రాజేశ్వరరావు వాద్యాలను ముందుకు తెచ్చాడు, ‘మల్లీశ్వరి’లో వెనక్కి జరిపాడు. ఒకదాన్ని విదేశి అనీ మరొకదాన్ని స్వదేశి అనీ మనచేత అనిపించినది ఈ ఎడమే.

ఇతర దేశాలలో ఈ ప్రశ్న వేరుగా వచ్చింది. చెక్ స్వరకర్త డ్వోరక్ 1892లో న్యూయార్కు వెళ్లి, అమెరికా సంగీతం నల్లజాతివారి పాటల మీద నిర్మాణం కావాలని అక్కడివారికి చెప్పాడు. 1893లో తన తొమ్మిదో సింఫనీ వినిపించాడు. హంగరీలో పల్లెపాటలు సేకరించిన బార్టోక్ 1942లో సంగీతంలో జాతి స్వచ్ఛత గురించి రాస్తూ, కలయిక వల్లనే జానపద సంగీతం సంపన్నమైందన్నాడు. వారికి ఆర్కెస్ట్రా పుట్టుకతో వచ్చిన ఆస్తి, అందులోకి జానపదాన్ని తేవడం సమస్య. మనకు గొంతు, పదం పుట్టుకతో వచ్చినవి, ఆర్కెస్ట్రాను వాటి కిందికి ఎలా తేవాలన్నది సమస్య. బొంబాయిలో గోవా వాద్యకారుడు ఆంథొనీ గొన్సాల్వెస్ 1958లో భారతీయ సింఫనీ బృందాన్ని కూడగట్టి, రాగాల ఆధారంగా కూర్చిన రచనలను లతా మంగేష్కర్, మన్నాడే గొంతులతో వినిపించాడు. ఆ ప్రయత్నం ఎక్కువ కాలం నిలవలేదు. సినిమా వెలుపల వాద్యబృందాన్ని పోషించే వ్యవస్థ అక్కడా లేదు, ఇక్కడా లేదు. మన ఊళ్లలో సామాన్యుడు చూసిన ఐరోపా వాద్యసమూహం పెళ్లి ఊరేగింపులోని బ్యాండు మేళమొక్కటే. దాని చరిత్ర కూడా ఎవరైనా రాయవలసి ఉంది.

శంకరాభరణం అనే పేరు

1980 ఫిబ్రవరిలో విడుదలైన కె. విశ్వనాథ్ చిత్రం ‘శంకరాభరణం’ ఈ చర్చలో ఒక మలుపు. పాశ్చాత్య ధోరణుల ముందు వెలవెలబోతున్న శాస్త్రీయ సంగీతానికి శంకరశాస్త్రి ప్రతినిధి. గిటారుతో వచ్చి అల్లరి చేసిన కుర్రవాళ్ల బాణీని ఆయన స్వరాలుగా తిప్పి చెప్పి, తన సంగీతాన్ని అనుకరించమని సవాలు చేసే సన్నివేశం తెలుగు ప్రేక్షకుల జ్ఞాపకంలో ఇప్పటికీ ఉంది. మార్గం విదేశిని జయించడమే ఆ సన్నివేశం సారం. కె.వి. మహదేవన్, ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం, వాణీ జయరాంలకు జాతీయ పురస్కారాలు వచ్చాయి.

చిత్రానికి పెట్టిన పేరులోనే ఒక చిక్కుముడి ఉంది. ఇరవైతొమ్మిదో మేళకర్త అయిన ధీరశంకరాభరణం స్వరస్థానాల రీత్యా పాశ్చాత్యుల మేజర్ స్కేలుతో సమానం. ముత్తుస్వామి దీక్షితులు ఆంగ్ల బ్యాండు బాణీలకు సంస్కృత సాహిత్యం కూర్చి దాదాపు నలభై నొట్టుస్వరాలు రచించినది ఈ మేళంలోనే. వాటిలో ఒకటి బ్రిటిష్ రాజగీతపు బాణీ. అంటే మన మూర్తిత్రయంలో ఒకరికి విదేశి బాణీతో ఏ పేచీ లేదు. గమకం వేరు, నడక వేరు కాబట్టి ఆ రాగమూ ఈ స్కేలూ ఒకటే అనడం సరికాదన్న అభ్యంతరం సమంజసమే. అయినా శంకరశాస్త్రి కుర్రవాళ్ల బాణీని సునాయాసంగా స్వరాలలో చెప్పగలగడానికి వీలు కల్పించినది ఈ దగ్గరితనమే. ఆ సన్నివేశం తాను ఖండించదలచుకున్న చుట్టరికాన్ని తానే బయటపెట్టుకుంది.

నాగర్‌కోయిల్ ప్రాంతంలో పుట్టిన మహదేవన్‌కు తెలుగు మాతృభాష కాదు. ముందుగా రాసిన సాహిత్యానికే బాణీ కట్టడం ఆయన పద్ధతి. వేటూరి మాటల విరుపును బట్టి రాగం నడుస్తుంది. ఆయనకు జీవితకాల సహచరుడైన పుహళేంది మలయాళి. తెలుగు సంస్కృతికి ప్రతీకగా నిలిచిన పాటలను తెలుగేతరులు కూర్చారనే విషయాన్ని మనం ఆశ్చర్యంగా చెప్పుకుని వదిలేస్తాము. తెలుగు సంగీతం మద్రాసులో నాలుగు భాషల వాద్యకారులు పక్కపక్కన కూర్చుని చేసిన ఉమ్మడి పని అన్న నిర్ణయానికి అది దారి తీయాలి.

1988లో వచ్చిన ‘రుద్రవీణ’ ఈ వివాదాన్ని విదేశి నుంచి తప్పించి ఇంటిలోకి తెచ్చింది. అక్కడ ఎదురెదురుగా నిలిచినవి సంగీతపు శుద్ధి, సమాజం పట్ల బాధ్యత. దానికి జాతీయ సమైక్యత విభాగంలో పురస్కారం, ఇళయరాజాకు సంగీత దర్శకునిగా పురస్కారం దక్కాయి. అంతకుముందు 1983 నాటి ‘సాగరసంగమం’కు కూడా ఆయన జాతీయ పురస్కారం పొందాడు. ధన్‌రాజ్ మాస్టారి వద్ద పాశ్చాత్య సంగీతం నేర్చిన ఇళయరాజా బాణీనీ, ప్రతి వాద్యం వాయించవలసిన స్వరాలనూ తానే స్వరలిపిలో రాసేవాడు. చీలిపోయిన మూడోవాడు ఆయనలో తిరిగి కలిశాడు. అందుకే ఆయన పాటలో బాణీ మనది, వాద్యసంయోజన పరాయిది అని విడదీయడం కుదరదు. మన విమర్శకు సవాలుగా నిలవవలసిన కృషి ఇది. అయితే తెలుగులో ఆయన మీద వచ్చిన రచనలు ఎక్కువగా రాగాల పట్టికలుగానే మిగిలాయి.

కొండల మీదికి రానిది

తెలుగు సినిమా హైదరాబాదుకు తరలిన కథ తెలిసినదే. 1976 జనవరిలో జూబ్లీహిల్స్ అంచున రాళ్లగుట్టల నడుమ ఇరవైరెండెకరాలలో అన్నపూర్ణ స్టూడియో ప్రారంభమైంది. తరువాత పద్మాలయ, రామానాయుడు స్టూడియోలు వచ్చాయి. ఫిలింనగర్ వెలిసింది. నటులు, దర్శకులు, నిర్మాతలు, రచయితలు దశలవారీగా తరలివచ్చారు. వాద్యబృందం రాలేదు. పాటల రికార్డింగుకు, రీరికార్డింగుకు చాలాకాలం చెన్నైకి వెళ్లి రావలసి వచ్చేది. ఫిడేళ్లు, చెల్లోలు, కొమ్ములు వాయించే నిపుణులు ఒక్కొక్కరుగా బతికేవారు కారు. రోజుకు నాలుగు భాషల పాటలు దొరికితేనే వారికి గిట్టుబాటు. ఒక్క భాష పరిశ్రమ వెంట వారు కదలలేరు.

భాషా రాష్ట్రం, సొంత పరిశ్రమ అనే ఆశయం మన సినిమాకు ఊరునిచ్చింది గాని దాని ఆర్కెస్ట్రాను పొరుగు రాష్ట్రంలో విడిచిపెట్టింది. సరిగ్గా ఆ సంధికాలంలోనే కీబోర్డులు, రిథమ్ యంత్రాలు వచ్చాయి. రాజ్-కోటి కాలానికి ఒక మనిషి వేళ్ల కింద ఒక ఫిడేళ్ల వరుస ఇమిడిపోయింది. ఫిలింనగర్‌లోని సంగీతశాల పెద్ద హాలు అవసరం లేని గదిగా మొదలైంది. ఇటీవల అసలైన తంత్రీవాద్యాల నాదం కావలసి వచ్చినప్పుడు దక్షిణాది చిత్రాలు బుడాపెస్టు, స్కోప్యే వంటి నగరాల బృందాలను ఆశ్రయించడం పరిపాటి అయింది. స్వరలిపి ఇక్కడినుంచి వెళుతుంది, నాదం అక్కడినుంచి వస్తుంది. మార్గరెట్ కజిన్స్ నాడు చేసిన పనికి ఇది తలకిందుల రూపం.

‘నాటు నాటు’ను ఈ వెలుగులో తిరిగి చూడాలి. 1920ల నాటి ఆంగ్లేయుల విందులో ఐరోపా నృత్యాలను ఏకరువు పెట్టి అవహేళన చేసిన దొరకు జవాబుగా ఈ పాట వస్తుంది. అక్కడ విదేశికి ఎదురుగా శంకరశాస్త్రి లేడు, పల్లెటూరి తిశ్రగతి ఉంది. నలభైయేళ్లలో జాతికి ప్రతినిధి మార్గం నుంచి దేశికి మారాడు. శాస్త్రీయ సంగీతం ఒక వర్గానిది మాత్రమే కాదా అన్న ప్రశ్న మన సాహిత్యంలో బలపడిన కాలమే ఇది. మరి సన్నివేశంలో తొలి దరువు పుట్టినది ఎక్కడ? ఆ విందులోని బ్యాండు డ్రమ్ముల మీదనే. పాటను చిత్రీకరించినది ఉక్రెయిన్ రాజధానిలోని రాజప్రాసాదం ముందు.

‘నాటు’ అన్న మాట అడుగున కూడా ఇంతే. ఫిలింనగర్‌కు కొద్ది కిలోమీటర్ల దూరంలోని ఏ.సి. గార్డ్స్‌లో నిజాం సైన్యంలో పనిచేసిన ఆఫ్రికా సంతతి సిద్దీలు, నగరంలోని హద్రమీ అరబ్బులు తెచ్చిన మర్ఫా వాద్యం ఉంది. తీన్మార్ దరువు అక్కడిదే. అది నేడు హిందువుల పెళ్లిళ్లలో, ఊరేగింపులలో హైదరాబాదు సొంత ఆటగా మోగుతోంది. యెమెన్, తూర్పు ఆఫ్రికా తీరాలనుంచి వచ్చినది రెండు మూడు తరాలలో దేశి అయింది. మతంగుడు చెప్పిన అర్థంలో ఇది దేశి కాదనడానికి కారణం కనబడదు. సినిమా మాత్రం ‘నాటు’ను పొలం గట్టు మీదనే చూపడానికి ఇష్టపడింది.

పరిశోధన కోసం పాత చిత్రాల పేర్ల పట్టికలను ఆపి ఆపి చూస్తున్నప్పుడు నాకు ఎదురైన అనుభవం ఒకటే. ఛాయాగ్రాహకుని సహాయకులు, దుస్తులవారు, కేశాలంకరణ చేసినవారు పేర్లతో కనిపిస్తారు. సంగీతం కింద చాలా చిత్రాలలో దర్శకుని పేరు, ఒకరిద్దరు సహాయకుల పేర్లు, అంతే. ముప్ఫై నలభై మంది వాయించిన చోట ఒక్క వరుస కూడా ఉండదు. పాఠపరిష్కరణలో లేఖకుని చేతిరాతను సైతం వదలని మన శాఖలు, ఈ స్వరలిపి కాగితాలను ప్రతులుగా గుర్తించి సేకరించవచ్చు. అవి చిత్తు కాగితాలుగా పోకముందే ఆ పని చేయాలి.

పాటకు సంగీతం కూర్చిన కీరవాణి పేరు కూడా ఒక మేళకర్తది. ఇరవైఒకటో మేళమైన ఆ రాగం పాశ్చాత్యుల హార్మోనిక్ మైనర్ స్కేలుకు సమానం. చక్రవర్తి వద్ద మద్రాసులో పని నేర్చుకున్న ఆయన 2023లో ఆస్కార్ వేదిక మీద, తాను కార్పెంటర్స్ అనే అమెరికన్ అన్నాచెల్లెళ్ల పాటలు వింటూ పెరిగానని చెప్పాడు. ఆ తరువాత భారతీయులందరి గర్వం గురించిన తన మాటలను వారి ప్రసిద్ధ గీతం ఒకదాని బాణీలో, వాద్యసహకారమేదీ లేకుండా పాడాడు.